ఇరవై మూడో నంబరు రంగు

ఇసోబే ఫుమి గారు గిన్నె కడిగినా, ముల్లంగి ముక్క తరిగినా, ఇంటికి ఉత్తరం వచ్చినా ముందు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసేవారు. ఎక్కడో చిన్న చిల్లు ఉండి తీరుతుందని, అది తన కంటికి దొరికి తీరుతుందని ఆవిడ నమ్మకం. ఆవిడ ఇంటి మేడ మీద గదిలో నేను నాలుగేళ్లు అద్దెకున్నాను. మొదట్లో ఆ అలవాటు చూసి నవ్వొచ్చేది. సంగతి తెలిశాక నవ్వడం మానేశాను.

టోక్యో పడమటి శివారు హోయాలో, ఒక టోఫు దుకాణం మీది అంతస్తులో సెగావా గారి రంగుల వర్క్‌షాపు ఉండేది. టీవీలో వచ్చే బొమ్మల సీరియళ్లకి అక్కడ రంగులు వేసేవారు. తొమ్మిది మంది ఆడవాళ్లు, ఒక కిరోసిన్ పొయ్యి, దాని మీద ఎప్పుడూ కాగే కెటిల్, కింద నుంచి వచ్చే సోయా ఆవిరి. గాజులా పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు ముందు వైపు నల్ల గీతతో బొమ్మ ఉంటుంది. షీటు తిరగేసి వెనక వైపు నుంచి, నంబర్ల ప్రకారం రంగు నింపాలి. వెనక నుంచి ఎన్ని పూతలు వేసినా ముందుకు కనబడేది మొదటి పూత ఒక్కటే. అందుకే అక్కడ తప్పుని కప్పిపెట్టడం కుదరదు. గీకి తీసేయాల్సిందే.

ఆరిన షీట్లన్నీ చివరికి ఫుమి గారి బల్ల మీదికి వచ్చేవి. ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి, రంగు అంటని చోటు ఉందా, నంబరు తప్పిందా అని చూసి, ఆ షాటు కవరు మీద తన ఇంటిపేరు ముద్ర ఎర్రగా వేసేవారు. ఐజు కొండల నుంచి పందొమ్మిదేళ్లకి ఈ ఊరు వచ్చారు. అప్పట్లో గీతలు దింపే యంత్రం లేదు. గీతలు కూడా చేత్తో, పాళీతో షీటు మీదికి ఎక్కించేవారు. అలా ముప్పై మూడేళ్లు గడిచాయి. భర్త పోయి తొమ్మిదేళ్లు, పిల్లలు లేరు. ఆ కుర్చీ, ఆ కిటికీ, ఆ ముద్ర, అంతే ఆవిడ లోకం.

"ఆ ముద్ర పడితే నేను కళ్లు మూసుకుని పంపించేస్తాను," అనేవారు సెగావా గారు.

1983లో వాళ్లకి ఒక సీరియలు దొరికింది. పేరు 'గంట మోగితే పెళ్లికూతురు'. స్నానశాల నడిపే ఇంట్లో పుట్టిన షోహే అనే కుర్రాడు గుడి సామాన్ల గదిలో పగిలిన గంట ఒకటి చూసి, ఊరికే మోగిస్తాడు. దాంట్లోంచి రెండొందల ఏళ్ల కిందటి దయ్యం పెళ్లికూతురు ఒసుజు బయటికొచ్చి "ఏమండీ, ఇంతసేపా?" అంటుంది. అక్కడి నుంచి షోహేకి మనశ్శాంతి లేదు. ఆ పిల్లకి అసూయ పుడితే తొట్టెలో వేడినీళ్లు లేచి వీధిలో నడుచుకుంటూ పోతాయి. తుమ్మితే బడి గుమ్మంలో చెప్పులన్నీ వేరేవాళ్ల ఇళ్లకి చేరతాయి. సిగ్గుపడితే హెడ్‌మాస్టరు విగ్గు పాట పాడుతుంది. బుధవారం సాయంత్రం ఏడున్నరకి వచ్చేది. ఆ అరగంట వీధిలో పిల్లలు కనబడేవాళ్లు కారు.

దయ్యాల నాటకం వేసేవాళ్లు మొదలుపెట్టే ముందు గుడికి వెళ్లి శుద్ధి చేయించుకోవడం అక్కడ మామూలు. సెగావా గారు ఒప్పుకోలేదు. "నవ్వించే దయ్యానికి కూడా దణ్ణాలెందుకు?" అన్నారు.

ఆ మాట అన్న మూడు నెలలకి వర్క్‌షాపులో వింతలు మొదలయ్యాయి. లేత బూడిద రంగులో ఉండాల్సిన హెడ్‌మాస్టరు విగ్గు లేత పచ్చగా వచ్చింది. షోహే తల్లి లేత కనుబొమలు ఒక షాటు నిండా ఒంటి రంగులో కలిసిపోయి కనబడకుండా పోయాయి. రెండూ రషెస్‌లో, అంటే కెమెరా తీసిన ఫిల్మును మొదటిసారి వేసి చూసేటప్పుడు, దొరికాయి. రెండూ వేసింది ఉనాబారా ఇకుయో. ఎనిమిది నెలల కిందట నీగాటా నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ల పిల్ల. చెయ్యి చురుకు, నోరు తక్కువ.

"దాని తప్పు కాదు," అని తీర్పు చెప్పింది కిను. ఆ గదిలో అందరికంటే పెద్ద గొంతు కినుది. "దణ్ణం పెట్టకుండా మొదలుపెట్టాం కదా, ఒసుజుకి కోపం వచ్చింది. నా సన్న బ్రష్షు కూడా అదే పట్టుకుపోయింది."

అందరూ నవ్వారు. ఫుమి గారు కూడా నవ్వారు. ఆ నవ్వు గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ నా వైపు చూసేవారు కాదు.

ఎందుకంటే ఆ వేసవిలోనే ఆవిడ రెండు కళ్లలోనూ శుక్లాలు మొదలయ్యాయి. స్టేషను దగ్గర డాక్టరు ఆపరేషను చేయాలన్నాడు. ఆ రోజుల్లో అంటే వారాల తరబడి పడక, ఆ తర్వాత సీసా అడుగంత మందం అద్దాలు. చూపు ఎలా వస్తుందో హామీ లేదు. ఆవిడ సరేనని తల ఊపి, మందు చీటీ మడిచి సంచిలో పెట్టుకుని మళ్లీ పనికి వెళ్లిపోయారు. చిల్లులు కనబడుతున్నాయి, గీతలు కనబడుతున్నాయి. లేతరంగులే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. పాలిపోయిన నీలం, పాలిపోయిన గోధుమ, రెండూ పాత వార్తాపత్రికలాగే ఉంటున్నాయి.

దానికి ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టారు. అనుమానం వచ్చిన షీటు ఎత్తి పట్టుకుని, "ఇకుయో, ఇలా రా. ఇది ఏ నంబరో చెప్పు చూద్దాం," అనేవారు, పాఠం చెబుతున్నట్టు. ఆ పిల్ల చూసి చెప్పేది. "ఊఁ, ఫరవాలేదు," అని ముద్ర వేసేవారు. షీట్లు చూసేటప్పుడు ఇకుయో పక్కన లేక తప్పినవే ఆ పచ్చ విగ్గు, ఆ కనుబొమలు. మూత తెరిచిన సీసా ఒకదానికి బదులు ఒకటి అందించింది ఫుమి గారే, తర్వాత చూసి ముద్ర వేసిందీ ఆవిడే.

మార్చి నెల. నలభై ఎనిమిదో భాగం, చివరిది.

కథలో స్నానశాల కప్పు మీద, మునిమాపు వేళ, ఒసుజు షోహే చెయ్యి పట్టుకుంటుంది. మొదట ఆమె చెయ్యి దయ్యం రంగులో, నీలం కలిసిన నలభై ఒకటో నంబరులో ఉంటుంది. షాటు సగానికి వచ్చేసరికి అది మనిషి రంగుకి, ఇరవై మూడుకి మారుతుంది. ఏడాదంతా నవ్వించిన సీరియలు మొత్తం ఆ చేతుల కోసమే నడిచింది. తెర నిండా రెండు చేతులు, అరవై రెండు షీట్లు. మునిమాపు వెలుతురు కాబట్టి ఆ రెండు రంగులూ కొంచెం మసక చేసి, ఆ ఒక్క షాటు కోసం కొత్తగా కలిపి పంపారు. ఎవరూ అంతకుముందు చూడని రంగులు.

శనివారం పొద్దున ఆ రెండు సీసాలూ వచ్చాయి. నంబర్లు మూతల మీదే ఉంటాయి, సీసా పక్కన రాస్తే రంగు కారి చెరిగిపోతుందని. ఫుమి గారు రెండూ తెరిచి కలుపుతున్నారు. ఇకుయో పంటి డాక్టరు దగ్గరికి వెళ్లింది. అంతలో కిను చిన్న పళ్లెంలో ఉప్పు కుప్పగా పోసి తెచ్చింది.

"జరగండి ఫుమక్కా, జరగండి. చివరి వారం. ఈ ఉప్పు అరలో పెడితే ఒసుజు ఇటు రాదు." అంటూనే సీసాలు పక్కకి తోసి పళ్లెం పెట్టింది.

మూతలు ఒకచోట, సీసాలు ఒకచోట. ఫుమి గారు రెండు సీసాలూ కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. నమూనా షీటు పక్కన పెట్టి చూశారు. ఎడమది కొంచెం నీలం వైపు ఉన్నట్టనిపించింది. అనిపించింది, అంతే. మూతలు పెట్టేశారు.

మధ్యాహ్నం ఇకుయో వచ్చి అరవై రెండు షీట్లూ పూసింది. ఇరవై మూడు ఉన్నచోటల్లా ముందు, నలభై ఒకటి తర్వాత. మధ్యలో ఒకసారి షీటు పట్టుకుని వచ్చింది.

"ఫుమి గారూ, ఈ అబ్బాయి చెయ్యి కాస్త పాలిపోయినట్టు లేదూ?"

"మునిమాపు వెలుతురు కదమ్మా. అలాగే ఉంటుంది."

ఆ తర్వాత ఆవిడ ఒక్కొక్కటీ ఎత్తి చూశారు. ఎక్కడా చిల్లు లేదు. ముద్ర వేశారు.

సోమవారం పొద్దున పది గంటలకి స్టూడియోలో రషెస్ వేశారు. చివరి భాగం కాబట్టి సెగావా గారు, ఫుమి గారు ఇద్దరూ వెళ్లారు. ఇంకా మాటలు, సంగీతం కలపని ఫిల్ము. చిన్న చీకటి గదిలో ప్రొజెక్టరు చప్పుడు తప్ప మరొకటి లేదు. డైరెక్టరు కుజె గారు ముందు వరసలో కూర్చుని ఉన్నారు. కప్పు మీద షాటు వచ్చింది. ఫుమి గారికి రెండు చేతులు కనబడ్డాయి. బాగానే ఉన్నాయి.

"ఆపండి," అన్నారు కుజె గారు. లైటు వేశారు. ఆయన వెనక్కి తిరిగారు. "మా అబ్బాయిని ఎవరు చంపారు?"

ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ వేశారు. అప్పుడు గదిలో అందరికీ కనబడింది, ఒక్కరికి తప్ప. షోహే చెయ్యి మొదటి నుంచీ శవంలా నీలంగా ఉంది. ఒసుజు చెయ్యి ఆరోగ్యంగా మొదలై సగంలో అదీ నీలమైపోయింది.

"మొత్తానికి మొగుణ్ణి తన లోకానికి లాక్కుపోయింది," అన్నాడు ఎడిటరు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. కుజె గారు నవ్వలేదు.

"సెగావా గారూ, ఏడాది నుంచి పిల్లలు ఈ పెళ్లి కోసం కూర్చున్నారు. ఎల్లుండి అన్నాల వేళకి వాళ్లకి శవాన్ని చూపించమంటారా? సాయంత్రం ఐదింటికి కెమెరావాళ్లు తలుపు మూస్తారు. ఐదుకి షీట్లు అక్కడుండాలి. లేకపోతే ఆ షాటు కోసేస్తాను. చేతులు పట్టుకోకుండానే అయిపోతుంది కథ."

సెగావా గారు నడుం వంచారు. ఆ వంగిన తల మీదే కుజె గారు ఇంకో మాట అన్నారు. "తప్పు ఎవరిదో పేరు కూడా ఆ కవరులోనే పంపండి. వచ్చే సీరియలు మీకివ్వాలా వద్దా అని పైవాళ్లు నన్నడుగుతారు. నేను ఒక పేరు చెప్పాలి."

షీట్ల కవరు వెనక్కి తీసుకుని సెగావా గారు, ఫుమి గారు రైలెక్కారు. రెండు స్టేషన్లు దాటాక, "మీరేం మనసులో పెట్టుకోకండి ఇసోబే గారూ," అన్నారు. "హడావిడిలో మీరు చిల్లులు చూశారు, రంగు చూడలేదు. పూసినవాళ్లది తప్పు. ఇది మూడోసారి. ఆ పిల్లని ఇక ఉంచుకోలేను."

ఫుమి గారు ఒళ్లో సంచి గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. సంచిలో ముద్ర ఉంది, దాని పక్కనే వేసవి నుంచి మడిచి పెట్టుకున్న మందు చీటీ ఉంది.

వాళ్లు మెట్లెక్కేసరికి పదకొండున్నర. ఫోనులో సంగతి ముందే తెలిసింది కాబట్టి అందరూ బ్రష్షులు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఉప్పు పెట్టినా ఆగలేదు చూశారా!" అంది కిను.

"ఇంకొక్కసారి దయ్యం మాట ఎత్తితే ఊరుకోను," అన్నారు సెగావా గారు. ఆయన అరవడం ఆ గదిలో ఎవరూ వినలేదు అప్పటిదాకా. "ఇకుయో. శనివారం నువ్వే పూశావు కదా?"

"నేనేనండీ. మూత మీద ఏ నంబరుంటే అదే వేశాను."

"అరవై రెండు షీట్లు పూస్తూ, ఒక అబ్బాయి చెయ్యి నీలంగా ఉందని నీకు అనుమానం కూడా రాలేదా?"

ఇకుయో తలెత్తి ఫుమి గారి వైపు చూసింది. ఒక్క క్షణం. ఫుమి గారికి ఆ పిల్ల మొహం మసక మసకగానే కనబడింది గానీ, ఆ చూపు తనకి తగిలిన సంగతి తెలిసింది. ఇప్పుడు చెప్పేస్తుంది, అనుకున్నారు. 'అడిగానండీ, ఆవిడే ఫరవాలేదన్నారు' అనేస్తుంది.

"రాలేదండీ," అంది ఇకుయో.

"అయితే నీ బ్రష్షులు నువ్వు సర్దుకో. ఈ షీట్లు మళ్లీ నీ చేతికివ్వను."

"అయ్యో, ఐదు గంటల పని నెత్తిన పెట్టుకుని ఒక చెయ్యి తగ్గించుకుంటారా?" అంది కిను.

"తప్పుచేసే చెయ్యి లేకపోతేనే పని తొందరగా అవుతుంది. ముందు సీసాలు తేల్చండి. మూతలు మార్చారా?"

ఇక్కడే ఇంకో చిక్కు వచ్చింది. ఫోను రాగానే కిను మూతలు మార్చింది. అది తెలియని ఇంకొకావిడ కూడా మార్చింది. ఆవిడ మార్చినట్టు చూసి కిను మళ్లీ మార్చిందో లేదో కినుకే గుర్తులేదు. "మార్చాననుకుంటా," అంది, మొదటిసారి చిన్న గొంతుతో.

సెగావా గారు రెండు సీసాలూ తీసుకొచ్చి ఫుమి గారి బల్ల మీద పెట్టారు. "ఏది ఇరవై మూడో మీరు చెప్పండి. ఇక నేను ఇంకెవరి మాటా నమ్మను." కిను ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "ఆవిణ్ణి చెప్పనివ్వండి."

ఎనిమిది మంది చూస్తున్నారు. ఫుమి గారు సీసాలు కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. మూతలు తీశారు. నమూనా షీటు పక్కన పెట్టారు. మార్చి ఎండ చల్లగా, తెల్లగా పడుతోంది. ఎడమ సీసాలో బూడిద. కుడి సీసాలో బూడిద.

ఏదో ఒకటి అనేయొచ్చు. సగం పాలు నిజమవుతుంది. నిజమైతే ఆ తర్వాత అరవై రెండు షీట్లు వస్తాయి. వాటికీ ముద్ర వేయాలి. ఆ తర్వాత రేపు, ఎల్లుండి, వచ్చే సీరియలు. గుమ్మం దగ్గర నేల మీద చప్పుడైంది. ఇకుయో బ్రష్షులు గుడ్డలో చుట్టుకుని, కింద మెట్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటోంది. ఒక బూటు అయింది.

"ఇసోబే గారూ?" అన్నారు సెగావా గారు.

"ఇకుయో," అన్నారు ఫుమి గారు. "ఇలా రా. ఇది ఏ నంబరో చెప్పు."

రెండో బూటు చేతిలో పట్టుకుని ఇకుయో అలాగే ఉండిపోయింది.

"ఇప్పుడు పరీక్షలేంటండీ?" అన్నారు సెగావా గారు. "టైమెంతయిందో చూశారా?"

"పరీక్ష కాదు. నాకు కనబడటం లేదు."

పొయ్యి మీద కెటిల్ ఈల వేసింది. ఎవరో వెళ్లి దాన్ని పొయ్యి మీంచి దించారు.

"శనివారం మూతలు తారుమారు చేసింది నేను," అన్నారు ఫుమి గారు. కిటికీ వైపే చూస్తూ చెప్పారు. "అబ్బాయి చెయ్యి పాలిపోయిందని ఆ పిల్ల వచ్చి అడిగింది కూడా. అలాగే ఉంటుందని చెప్పి పంపించాను. వేసవి నుంచి నాకు లేతరంగులు తెలియడం లేదు. శుక్లాలు."

"అయితే ఆ పచ్చ విగ్గు?" అంది కిను.

"నేనే."

"కనుబొమలు?"

"అదీ నేనే."

"నా సన్న బ్రష్షు?"

"అది నాకు తెలియదు కిను."

ఎవరో ఫక్కున నవ్వి వెంటనే నోరు మూసుకున్నారు. సెగావా గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "వేసవి నుంచా. నాతో ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా."

"చెబితే ఈ కుర్చీ పోతుందని."

"పోతుంది," అన్నారు ఆయన. అబద్ధం ఆడడం ఆయనకి ఎప్పుడూ చేతకాలేదు.

"పోనివ్వండి. ఐదు దాటితే ఆ షాటూ పోతుంది. ఆ పిల్లని కూర్చోబెట్టండి."

ఇకుయో ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో చాప మీదికి వచ్చేసింది. మామూలు రోజైతే కిను ఊరు దద్దరిల్లేలా అరిచేది. సీసాల వైపు చూసిందో లేదో, "కుడిది ఇరవై మూడు," అంది.

పని మొదలైంది. తడి దూదితో నాననిచ్చి, వెదురు పుల్లతో చేతుల మీది రంగు మాత్రమే లేపాలి. పక్కనున్న చొక్కా చేతి రంగుకి తగలకూడదు. ఆ పని ఫుమి గారు తీసుకున్నారు. దానికి కళ్లు అంతగా అక్కర్లేదు, వేళ్లకి తెలుస్తుంది. ఆవిడ లేపి ఇస్తుంటే ఆరుగురు పూశారు. కిను ఫ్యాను పట్టుకుని ఆరబెట్టింది. ఇకుయో కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఎత్తి చూసింది. కింద దుకాణం ఆవిడ అన్నం ముద్దలు చేసి పంపితే, రంగు చేతులతో ముట్టుకోలేక ఒకరి నోట్లో ఒకరు పెట్టుకున్నారు.

ఒంటిగంటకి పదిహేను షీట్లు. రెండున్నరకి ముప్పై. ముప్పై ఒకటోది, రంగు మారే షీటు, తొందరలో కిందపడి కుర్చీ కాలికి గీసుకుంది. ముందు వైపు గీత చెరిగిపోయింది. బొటనవేలు ఉన్నచోట ఏమీ లేదు. గీత యంత్రం ఉన్నది స్టూడియోలో. వెళ్లి రావడానికి గంటన్నర.

"ఇలా ఇవ్వండి," అన్నారు ఫుమి గారు. సొరుగు అడుగు నుంచి పాత పాళీ తీశారు. నల్ల సిరా ఆవిడకి కనబడుతుంది. ముప్పయ్యోదీ, ముప్పై రెండోదీ కింద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, రెంటి మధ్యన ఉండాల్సిన బొటనవేలు ఒక్క గీతలో లాగారు. గదిలో సగం మందికి పాళీతో గీత లాగడం అంతకుముందు చూసిన గుర్తు లేదు.

షీటు అందుకుంటూ ఇకుయో వంగినప్పుడు ఫుమి గారు మెల్లగా అడిగారు. "నీకు ముందే తెలుసా?"

"తెలుసండీ."

"ఎప్పటి నుంచి?"

"నంబరు చెప్పమన్నప్పుడు మీరు షీటు వైపు చూసేవారు కాదు. నా మొహం వైపు చూసేవారు."

నాలుగుంపావుకి కారు హారను మోగింది. కెమెరావాళ్ల చోటు అక్కడికి కారులో పావుగంట. షీట్లు చేరవేసే తొకితా గారు, నలభై దాటిన మనిషి, ఇంజను ఆపకుండా కిటికీలోంచి తల బయటపెట్టి అరుస్తున్నారు. "ఏమ్మా, పెళ్లికూతురు తయారైందా? ముహూర్తం దాటిపోతోంది!"

నాలుగున్నరకి అరవై రెండోది ఆరింది. ఇకుయో చివరిసారి మొత్తం తిరగేసి కవరులో పెట్టింది. ఫుమి గారి చెయ్యి అలవాటుగా సంచిలోకి వెళ్లి ముద్ర మీద ఆగింది. అక్కడే ఆగిపోయింది.

"నేను వేయకూడదు," అన్నారు. "చూసింది ఆ పిల్ల."

"ముద్ర లేని కవరు కెమెరావాళ్లు ముట్టుకోరు," అన్నారు సెగావా గారు.

మూల మీది కాగితాల దుకాణంలో తిరిగే స్టాండు నిండా ఇంటిపేర్ల ముద్రలు దొరుకుతాయి. కిను పరుగెత్తింది. ఆరు నిమిషాలకి రొప్పుతూ ఖాళీ చేతులతో వచ్చింది. "ఉనాబారా లేదు! స్టాండు మొత్తం తిప్పాను. ఏం ఇంటిపేరే తల్లీ అది, ఊళ్లో ఇంకెవరికీ లేదు! కనీసం పెళ్లయినా చేసుకుని ఉండకూడదూ!"

కింద హారను ఆగకుండా మోగుతోంది. ఎర్ర సిరా డబ్బా ఏ బల్ల కింద ఉందో ఎవరికీ కనబడలేదు. అప్పుడు ఫుమి గారు ఇకుయో మణికట్టు పట్టుకుని, దగ్గర్లో మూత తీసి ఉన్న సీసాలో ఆ పిల్ల బొటనవేలు ముంచి, కవరు మీద ముద్ర ఉండాల్సిన చోట గట్టిగా నొక్కారు.

"ఏ రంగు పడింది?" అని అడిగారు, చెయ్యి వదలకుండానే.

"ఇరవై మూడు."

కవరు మూసే ముందు ఫుమి గారు ఒక చీటీ మీద 'తప్పు ఇసోబే ఫుమిది' అని రాసి లోపల పడేశారు. సెగావా గారు చూశారు, వద్దనలేదు. ఐదుకి నాలుగు నిమిషాలుందనగా తొకితా గారు తలుపులోకి కాలు పెట్టారని తర్వాత ఫోను వచ్చింది.

బుధవారం సాయంత్రం అందరూ కింద దుకాణంలో టీవీ ముందు చేరారు. రెండు చేతులు కలిసినప్పుడు ఆ ఇంటి పిల్లలు ఎగిరి గంతేశారు. చిన్నది "వెచ్చగా అయిపోయింది!" అని అరిచింది. ఫుమి గారికి అన్నీ ఒకటే బూడిదలో కనబడ్డాయి. ఆ అరుపు మాత్రం విన్నారు. కుజె గారి నుంచి పేరు గురించి ఏ మాటా రాలేదు. వచ్చే సీరియలు మాత్రం వచ్చింది.

మే నెలలో ఆవిడ ఆపరేషను చేయించుకున్నారు. సీసా అడుగంత అద్దాలతో వర్క్‌షాపు మెట్లెక్కిన రోజు, అరలో మిగిలిన మునిమాపు రంగుల సీసాలు చూసి, "ఇంత నీలమా ఇది! పాపం, ఒసుజు ఏడాదంతా చలికి చచ్చిపోయినట్టుంది కదే," అన్నారట. "అది చచ్చిపోయిన పిల్లే ఫుమక్కా," అంది కిను. అర వెనకాల కిను సన్న బ్రష్షు కూడా ఆ రోజే దొరికింది. గడ్డకట్టిన ఉప్పు పళ్లేనికి అతుక్కుపోయి ఉంది.

కిటికీ దగ్గర కుర్చీలో ఇకుయో ఉంది. ఆవిణ్ణి చూసి లేవలేదు. "లేచి ఉంటే నాకు కోపం వచ్చేది," అని నాతో చెప్పారు ఫుమి గారు. ఆవిడ గుమ్మం పక్క చివరి బల్ల దగ్గర పాళీ, సిరా పెట్టుకుని కూర్చున్నారు. యంత్రం చెడగొట్టిన గీతలు సరిచేసే పని. ఆ తర్వాత పదకొండేళ్లు అదే చేశారు.

ఆ మొదటి రోజు మధ్యాహ్నం ఇకుయో షీటు ఒకటి వెలుతురుకి ఎత్తి పట్టుకుని, గది ఆ చివరి నుంచి పిలిచింది. "ఫుమి గారూ, ఇలా రండి. ఇది ఏ నంబరో చెప్పండి చూద్దాం."

ఫుమి గారు లేచి వెళ్లారు. ఇకుయో మొహం వైపు చూడకుండా షీటు వైపే చూసి చెప్పారు.